ఉపగ్రహం దగ్గరికి రాదన్నాను

ఫోన్‌లోనే సినిమాలు చూసే మీకు చెబితే నవ్వుతారేమో గాని, తెలంగాణ వచ్చిన కొత్తలో మిద్దె మీద డిష్షు బిగించేవాడంటే ఇంజనీరు కంటే ఒక మెట్టు పైనే. నల్లగొండలో ఒక సేటు దుకాణంలో పనికి కుదిరి, నడుముకు రెండు పానాలు, జేబులో దిక్సూచి పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఆకాశంతో నాకు నేరుగా పరిచయం ఉందని ధీమా. (నేల మీది మనుషులతో అంత పరిచయం లేదని తర్వాత తెలిసింది.)

పని తీరు ఎట్లా ఉండేదంటే, నేను పైన డిష్షును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే, ఇంటివాళ్లలో ఒకరు కింద టీవీ ముందు నిలబడి బొమ్మ వచ్చిందో లేదో కేకేసి చెప్పాలి. కేతేపల్లిలో ఒక రైతు ఇంట్లో ఆ కేకలు వేసేది డిగ్రీ చదివే వాళ్ల బిడ్డ. "వచ్చిందా?" అని నేను. "రాలే, ఇంకింత తిప్పుండ్రి" అని ఆమె. వేరే ఇళ్లలో పావుగంటలో అయ్యే పని అక్కడ పొద్దు గూకేదాకా సాగేది. వారం తిరగకముందే మళ్లీ ఫోన్, బొమ్మ పోయిందని. నాకు లోలోపల సంబరం. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పోయేవాణ్ణి. ఎందుకు దాచాలి, ఆ గొంతు వినని రోజు రోజులాగే ఉండేది కాదు. పోయి చూస్తే డిష్షు పడమరకు తిరిగి ఉండేది. కోతుల పనే అని తేల్చేవాణ్ణి. వాడకట్టంతా నన్ను "డిష్షన్నా" అని పిలిచేది. ఆ పిల్ల మాత్రం ఒక్కనాడూ అన్నా అనలేదు (పొగరనుకున్నాను).

దిగి వచ్చాక చాయ్ ఇస్తూ ఆమె ప్రతిసారీ ఒకటే అడిగేది. "గా ఉపగ్రహం భూమి సుట్టు తిరిగొచ్చెటందుకు ఎంతసేపు పడ్తది?" ప్రతిసారీ నేను పాఠం చెప్పేవాణ్ణి. సుమారు ఒక రోజు పడుతుంది, భూమి కూడా అంతసేపట్లోనే తన చుట్టూ తాను తిరుగుతుంది, అందుకే అది మనకు ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది, డిష్షును ఒక్కసారి గురి చూసి బిగిస్తే చాలు. సైన్సు చదివే పిల్లకు ఇంత చిన్న సంగతి బుర్రకెక్కదేమని జాలిపడ్డాను కూడా. ఒకసారి, "దినాం తిరుగుతనే ఉంటది గని, జరంతన్న దగ్గరికి రాదా?" అంది. "రాదు. దగ్గరికొస్తే జల్ది జల్ది తిరుగుతది, మన డిష్షుకు దొరకది" అన్నాను, పంతులు లెక్క. ఆమె ఖాళీ కప్పు తీసుకుని లోపలికి పోయింది.

ఇంతలో సేటు గరమయ్యాడు. "ఇంకొక్కసారి కేతేపల్లి నుంచి ఫోనొచ్చిందనుకో, తెల్లారి నుంచి ఇంట్లనే ఉండు!" పని పోతే ఆ ఇంటికి పోయే సాకు పోతుందని నా భయం. (ఫోన్లు ఆగినా సాకు పోతుందని నా మేధకు తట్టలేదు.) ట్రాక్టర్లు బాగుచేసే అతన్ని వెంటబెట్టుకుపోయి, డిష్షును గొట్టానికి వెల్డింగు చేయించాను. "ఇగ గాలిదుమారమొచ్చినా కదలది" అన్నాను ఛాతీ విరుచుకుని. ఆ పిల్ల దాన్ని చాలాసేపు చూసింది. "మస్తు గట్టిగ చేసిండ్రు" అంది. మెచ్చుకుందనే అనుకున్నాను. తర్వాత ఫోన్ రాలేదు. దుకాణంలో ఫోన్ మోగినప్పుడల్లా ముందు నేనే ఉరికేవాణ్ణి. ఎండాకాలంలో ఆమె లగ్గమైందని తెలిసింది. చాలా రోజులు అన్నం సహించలేదు.

మొన్న మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో, కోతుల జోకుగా ఈ కథంతా మా ఇంటామెకు చెప్పాను. చిక్కుడుకాయలు తుంచే చేయి ఆపి నన్ను తేరిపార చూసింది.

"కోతులా? గా పిల్లనే తిప్పింది. బొమ్మొచ్చినా రాలేదన్నది. నీకు గింత గూడ సమజ్ కాలేదా?"

"మరి నోరు తెరిచి చెప్పొచ్చు గద?" అన్నాను.

"ఎట్ల చెప్తది? మిద్దె దిగినంక గూడ నువ్వు ఆకాశం ముచ్చటే చెప్తివాయె!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె చిక్కుడుకాయల్లో పడిపోయింది, నేను మాత్రం కేతేపల్లిలోనే ఉండిపోయాను. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల అవతలి దాన్ని గురి తప్పకుండా పట్టానని మిద్దె మీద మెడ పైకెత్తి మురిసిపోతున్న ఆ పిల్లవాణ్ణి ఒక్కసారి గట్టిగా కేకేసి పిలవాలనిపిస్తుంది, "కిందికి చూడురా, నాయినా!" అని.