బాపమ్మ పెట్టుకున్న కాలర్ ట్యూన్

మా ఆఫీసు జగిత్యాలలో ఒక బట్టల దుకాణం పైన ఉంటుంది. ఊరూరికీ ఇంటర్నెట్ తీగ లాగి కనెక్షన్లు ఇవ్వడం మా పని. అప్పుడప్పుడు హైదరాబాద్ నుంచి ఒక పెద్ద సార్ వచ్చి, గోడకు తెర దించి, దేశమంతా ఫోను ఎట్లా వాడుతోందో మాకు చూపిస్తాడు. మాట్లాడటం తగ్గుతోంది, డేటా పెరుగుతోంది. టీవీ గీత కిందికి, ఫోనులో చూసే వీడియోల గీత పైకి. కథలాపూర్‌లో మక్కచేను గట్టు మీద కూర్చుని వీడియో చూసే మనిషి కూడా ఆ గీతలో ఉన్నాడట. మేమంతా తలలూపుతాం. తర్వాత సమోసాలు వస్తాయి.

పోయినసారి ఆయన ఒక గీత దగ్గర ఆగాడు. అది కొన్నాళ్లు నిటారుగా లేచి, ఆ తర్వాత నేలకు అతుక్కుపోయింది. “ఇది కాలర్ ట్యూన్ల మార్కెట్. కంపెనీలు బాగా తిన్నాయి గానీ కస్టమర్‌కు దీనివల్ల ఒరిగిందేమీ లేదు” అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నీళ్లు పొలమారాయని చెప్పి బయటికి వచ్చేశాను. మా ఇంటి సంగతి ఆయనకు తెలియదు.

మా బాపు, అంటే నాన్న, సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా వైపు సాంచ అంటారు. సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయిన రోజుల్లో మా వాడంతా నిశ్శబ్దమైపోయింది. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడు మీద అరిచి మాట్లాడటం అలవాటైన వాళ్లం, మెల్లగా మాట్లాడటం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. కొందరు భీవండి పోయారు. కొందరు ఎవరికీ చెప్పకుండా పోయారు, వాళ్ల గురించి ఇప్పటికీ మా ఇంట్లో మాట్లాడుకోం. మేము కోరుట్లకు మారాం. అమ్మా, బాపమ్మా బీడీలు చేసేవాళ్లు. బాపమ్మ అంటే మా బాపుకు అమ్మ. బాపు జగిత్యాల ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి షార్జా పోయాడు.

ఇక్కడ చెప్పిన పని ఒకటి, అక్కడ ఇచ్చిన పని ఇంకొకటి. రెండేళ్లు ఓపిక పట్టి, ఒకరోజు పాస్‌పోర్టూ, ఫోను నంబర్ల డైరీ అన్నీ కంపెనీలోనే వదిలేసి పారిపోయాడు. అట్లా కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను ఖల్లివెల్లి అంటారు. మా వాడలో అది ఒక ఉద్యోగం పేరులాగే వాడుకలో ఉండేది. “మీ నాయిన ఏం జేస్తడు బిడ్డా?” అని ఎవరైనా అడిగితే “ఖల్లివెల్లి” అని చెప్పేదాన్ని. వాళ్లు “మంచిది” అనేవాళ్లు.

మాకొక చిన్న ఫోను ఉండేది. సిగ్నల్ కిటికీ ఊచ దగ్గరే వచ్చేది గనుక దాన్ని అక్కడే నేత దారంతో కట్టేశాం. ప్రతి శుక్రవారం, అక్కడ సెలవు కాబట్టి, మధ్యాహ్నం మా తిండి వేళకు బాపు తన గదిలో ఉండే కథలాపూర్ మనిషి ఫోను అడుక్కుని మిస్‌డ్ కాల్ ఇచ్చేవాడు. ఒక రింగు వస్తే బాగున్నట్టు. రెండు వస్తే మేము బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతుకు పోయి ఆ నంబరుకు చేయాలి. ఏది వచ్చినా ఎత్తకూడదు, ఎత్తితే ఆయన బ్యాలెన్సు కరిగిపోతుంది. కోరుట్లలో చాలా ఇళ్లు ఇట్లాగే బతికాయి. తెర మీది ఏ గీతలోనూ మేము కనపడం, ఎందుకంటే మేము ఫోను పెట్టుకున్నదే మాట్లాడకుండా ఉండటానికి.

ఒక శుక్రవారం రెండు రింగులు వచ్చాయి. బూతుకు ఉరికాం. బాపు చెప్పాడు: అక్కడి సర్కారు ఆమ్ మాఫీ ప్రకటించింది, కాగితాలు లేనివాళ్లు పేరు రాయించుకుంటే జైలు లేకుండా ఇంటికి పంపిస్తారు, గడువు దాటితే మాత్రం దొరికినవాణ్ని దొరికినట్టు లోపలేస్తారు. అమ్మ రిసీవరుకు నోరు ఆనించి “వచ్చెయ్” అంది.

“ఉత్త చేతులతోటి ఎట్ల రావాలె? నలుగురికి ఏం ముఖం చూపియ్యాలె?”

“గా ముఖమే చూపియ్. అదెట్లుంటదో మేం మర్చిపోతున్నం.”

“వచ్చే శుక్రారం దాక సోంచాయిస్త. వచ్చేటట్టయితే మూడు రింగులిస్త. ఇక్కడనే ఉండేటట్టయితే ఒక్కటే” అన్నాడు బాపు.

ఆ వారం అమ్మ చేసిన బీడీల్లో సగం కారఖానా వాళ్లు వెనక్కి కొట్టారు. ఆమె చేతులు బీడీలు చుడుతుంటే నోరు “మూడు, మూడు” అంటుండేది.

ఆ వారంలోనే బాపమ్మ ఆ పని చేసింది. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు ఫోను మోగింది. శుక్రవారం కాదు గనుక ఎత్తింది. ఫోను కంపెనీ వాళ్లు రికార్డు చేసి వదిలిన ఆడగొంతు. మీకు ఫోను చేసేవారికి మీకు నచ్చిన పాట వినిపించండి, భక్తి పాటలకు దయచేసి ఒకటి నొక్కండి అంది. బాపమ్మ “అట్లనే బిడ్డా” అని ఒకటి నొక్కింది. ఏవో శ్లోకాలు వచ్చాయి. ఇవే కావాలంటే దయచేసి మళ్లీ ఒకటి నొక్కండి అంది. మళ్లీ నొక్కింది. తర్వాత మేము నిలదీసినప్పుడు ఆమె చెప్పిన కారణం ఒక్కటే: “ఎంత మర్యాదగ మాట్లాడిందే ఆ పిల్ల! మాటకు ముందు దయచేసి అన్నది. ఈ ఇంట్ల నన్ను దయచేసి అన్నోళ్లు ఎవలున్నరు?”

కాలర్ ట్యూన్ చేసేవాళ్లకే వినిపిస్తుంది, మాకు వినపడదు. కాబట్టి మాకేమీ తెలియలేదు.

శుక్రవారం వచ్చింది. అన్నం కంచాల ముందు ముగ్గురం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాం. ఫోను మోగింది. ఒకటి. అమ్మ కళ్లు మూసుకుంది. రెండు. మూడు. ఆగిపోయింది. అమ్మ ఎంగిలి చేత్తోనే నన్ను పట్టుకుని ఏడ్చింది. అంతలో మళ్లీ మోగింది, ఈసారి నాలుగు, ఐదు, ఆరు, చివరిదాకా. మళ్లీ ఇంకోసారి.

“ఒకపారి ఎత్తవే” అంది బాపమ్మ.

“వద్దత్తా, బ్యాలెన్సు పోతది. సంబురం ఆగక కొడుతున్నడు, కొట్టనీ” అంది అమ్మ. ఆ సాయంత్రం వాడంతా చక్కెర పంచింది.

ఆదివారం పొద్దున మా సందు మలుపులో ఆటో ఆగి, అందులోంచి పెద్ద ఏడుపు దిగింది. ఎల్లంతకుంట నుంచి మా మేనమామ, అత్త. మామ చేతిలో పూలదండ. అత్త కొంగు ముఖానికి కప్పుకుని “ఓ పెద్దవ్వా, ఎంత మంచిదానివే, కొడుకును సూడకుంటనే పోతివి గదనే” అని శోకం పెడుతూ వస్తోంది. బాపమ్మ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. శోకం వినపడితే ఆడవాళ్లు అడిగి ఏడవరు, ముందు ఏడ్చి తర్వాత అడుగుతారు. బాపమ్మ చాట దించి, ఎదురు పోయి, అత్త మెడ మీద పడి తానూ శోకం అందుకుంది. ఇద్దరూ బాగా ఏడ్చారు. మామ దండ పట్టుకుని కొయ్యబారి నిలబడ్డాడు. ఏడుపు సగమయ్యాక బాపమ్మ ముక్కు చీది అడిగింది: “ఇంతకు ఎవలు పోయిర్రే?”

అప్పుడు బయటపడింది. మామ రాత్రి మాకు ఫోను చేస్తే శ్లోకాలు వినపడ్డాయట. మా వైపు ఎవరైనా పోతే ఇంటి ముందు మైకు కట్టి వేసే శ్లోకాలే అవి. అవి మొదలైతే వాడలో ఎవరింట్లో అని అడుగుతారే తప్ప ఏమైందని అడగరు. మామ ఎన్నిసార్లు చేసినా అవే శ్లోకాలట, ఎత్తినవాళ్లు లేరట. రాత్రి ఎనిమిదికి నేనే పాము ఆట ఆడుకోవడానికి ఫోనును చప్పుడు లేకుండా పెట్టి, ఆట అయ్యాక అట్లాగే వదిలేసి పడుకున్నాను.

మామ మాట పూర్తికాకముందే అమ్మ గడప మీద కూలబడింది. “అయితే మొన్న ఆయనకు రింగులు వినపడలే. మూడని ఇచ్చినయి కావు అవి” అంది. ఆమె ముఖం చూసి మామ దండను వెనక దాచుకున్నాడు.

బూతుకు పోయాం. కథలాపూర్ మనిషి నంబరు స్విచాఫ్. అరబ్బీలో ఒక ఆడగొంతు ఏదో చెప్పింది. బాపమ్మ రిసీవరు లాక్కుని “బిడ్డా, నేను బతికే ఉన్ననని మా పోరనికి జెర చెప్పరాదు” అని బతిమాలింది. ఆ పిల్ల మొదటి పిల్లంత మంచిది కాదని తేల్చేసింది.

నేను కోపంతో ఊగిపోయాను. రేపే జగిత్యాలలో ఫోను కంపెనీ ఆఫీసుకు పోయి ఆ పాట తీయించేస్తానన్నాను. అమ్మ కూడా తీయించమంది. బాపమ్మ మాత్రం చాటలో తునికాకు కత్తిరిస్తూ, తలెత్తకుండా అంది: “ఉండనియ్. వాడు మల్ల చేసినా అదే ఇననియ్. నేను సచ్చిన్ననుకొనైనా వస్తడేమో.”

నేను జగిత్యాల పోలేదు.

తర్వాతి శుక్రవారం ఫోను మోగలేదు. ఆ పై శుక్రవారమూ మోగలేదు. బూతులో ఆ అరబ్బీ గొంతు తప్ప ఇంకేమీ దొరకలేదు. మాఫీ గడువు దాటిపోయింది. చక్కెర తిన్న వాడ ఎప్పుడొస్తడని అడుగుతుంటే అమ్మ వాకిట్లోకి రావడం మానేసింది. నాకు భయమేసింది, ఆ భయాన్ని బాపమ్మ మీద కోపంగా చూపించాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆటో వచ్చింది. ఒక చేతిసంచితో ఒక మనిషి దిగాడు. గుండు, మీసం లేదు. నేను గుర్తుపట్టలేదు, ఎవరో చందాకు వచ్చారనుకున్నాను. అతడు రెండడుగులు వేసి, వాకిట్లో బీడీలు చేస్తున్న మనిషిని చూసి సంచి వదిలేశాడు. అడుక్కోవడానికి ఉన్న ఆ ఒక్క ఫోనూ పాడైపోతే, పోయిన తల్లికి చేయవలసిందంతా ఆ గదిలోనే చేసుకుని, కథలాపూర్ మనిషి చేత గుండు గీయించుకుని, మాఫీ లైనులో రోజుల తరబడి నిలబడి వచ్చిన కొడుకు ఆయన.

బాపమ్మ కిందినుంచి పైకి చూసింది. “గుండు ఎవడు గీసిండురా? ఎనుక అంతా గాట్లే” అంది. బాపు అక్కడే నేల మీద కూర్చుని ఆమె కాళ్లు పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అమ్మ లోపలినుంచి వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఏడుపు తగ్గాక అమ్మ అడిగింది. ఇన్ని రోజులు ఆమెను తిన్న ప్రశ్న అదే.

“నిజం చెప్పు. ఆ శుక్రారం ఎన్ని ఇద్దామని చేసినవ్?”

బాపు అమ్మ వైపు చూడలేకపోయాడు. తల దించుకుని ఒక వేలు చూపించాడు.

బాపమ్మ ఆ వేలు పట్టుకుని మెల్లగా మడిచేసి, తన పిడికిట్లో పెట్టుకుంది. అన్నం తినేటప్పుడు కూడా వదల్లేదు, ఆమే కలిపి పెట్టింది.