తెలుగు పేజీల మీద క్యాలెండర్ కాగితం

2023 జూన్. మిర్యాలగూడకు దగ్గరలోని ఒక ఊళ్లో అప్పర్ ప్రైమరీ స్కూల్, అంటే ఒకటి నుంచి ఏడు దాకా తరగతులుండే బడి. అక్కడ నేను ఆరు, ఏడు తరగతులకు సైన్స్ చెబుతున్నాను. పుట్టి పెరిగింది కోదాడ. అంతకుముందు చాలా ఏళ్లు సూర్యాపేట వైపు, ఆత్మకూర్ (ఎస్) మండలంలో పనిచేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ పాఠం బాగా చెబుతానని పేరు. ఆ పేరు చూసుకుని కొంచెం మురిసిపోయేదాన్ని కూడా.

సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలై అప్పటికి రెండో ఏడు. పిల్లలకు బైలింగ్వల్ టెక్స్ట్‌బుక్ ఇస్తారు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. బడిబాటలో, అంటే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించుకునే రోజుల్లో, వెంకన్న అనే ఆయన ఇంటికి వెళ్లాను. మిర్యాలగూడ రైస్‌మిల్లులో వడ్లు మిషన్‌లోకి పోసే దగ్గర ఆయన పని. కూతురు అక్షిత ఐదు దాకా అమ్మమ్మగారి ఊళ్లో తెలుగు మీడియంలోనే చదివింది; చివరి ఏడు పేరుకు మీడియం మారినా అక్కడ చెప్పింది తెలుగులోనే. మా బడిలో ఆరులో చేర్చమని బతిమాలాను. వచ్చేటప్పుడు, ఇంట్లో కూడా ఇంగ్లిషే చదివించండి, తెలుగు మీద ఆధారపడనివ్వకండి అని ఒక సలహా పడేసి వచ్చాను. ఆ వేసవిలో కనిపించిన ప్రతి తల్లికీ తండ్రికీ అదే మాట చెప్పాను. చెప్పి మరిచిపోయాను.

అక్షిత బడిలో నోరు విప్పేది కాదు. పాఠం తెలుగు కలిపే చెప్పేదాన్ని, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో అడిగేదాన్ని. అడిగితే లేచి నిలబడేది, పెదవులు కదిలేవి, మాట వచ్చేది కాదు. సైన్స్ పుస్తకం రోజూ మరిచిపోయానని తలూపేది. వారం రోజులు ఓపిక పట్టి, తర్వాత నిలబెట్టాను. తిట్టాను కూడా. జులై చివర ఎఫ్.ఏ. పెట్టాం. ఫార్మేటివ్ అసెస్‌మెంట్, పిల్లలు ఎంతవరకు నేర్చుకున్నారో మధ్యలో చూసుకునే చిన్న పరీక్ష. అక్షిత పేరు, రోల్ నంబరు రాసి మిగతా కాగితం తెల్లగా ఇచ్చింది.

ఆగస్టులో పి.టి.ఎం. జరిగింది. నెలకోసారి తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడే సమావేశం అది. ఆ తెల్లకాగితం చూసి వెంకన్న మొహం మాడిపోయింది. దసరా సెలవుల తర్వాత కోదాడలో ఒక ప్రైవేటు హాస్టల్‌లో పెడతానని, మళ్లీ ఐదులో కూర్చోబెడతానని అక్కడే తేల్చేశాడు. పదకొండేళ్ల పిల్ల, ఇల్లు వదిలి, ఒక ఏడాది వెనక్కి. అక్షిత నేల చూపులు చూస్తూ నిలబడింది. నేను కూడా అడ్డు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, మొద్దు పిల్ల, నా నెత్తిన భారం తగ్గుతుంది అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందరూ వెళ్లాక అక్షిత తల్లి సైదమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "ఇంట్ల మంచిగనే మాట్లాడ్తది మేడం. బడిల పాఠమంత నాకు కథ లెక్క చెప్తది. కాయితం మీద ఎందుకు రాస్తలేదో నాకు సమజైతలేదు" అంది.

బడిలో మూగగా ఉండే పిల్ల ఇంట్లో పాఠం కథలా చెబుతుందా? ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు సాయంత్రం బడి కాగానే వాళ్లింటికి వెళ్లాను. వెంకన్న అప్పుడే మిల్లు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. సైన్స్ పుస్తకం తెమ్మంటే అక్షిత లోపలికి పోయి ఎంతకీ రాలేదు. చివరికి సైదమ్మే తెచ్చి ఇచ్చింది.

పుస్తకం రెండింతల లావుంది. తెరిచాను. ఇంగ్లిష్ పేజీ మామూలుగానే ఉంది. ఎదుటి తెలుగు పేజీ మీద, ఎరువుల దుకాణంవాళ్లిచ్చిన పాత క్యాలెండర్ కాగితాన్ని సరిగ్గా కొలతకు కోసి, నాలుగు అంచులా మైదా జిగురు రాసి అతికించి ఉంది. ఒక్క పేజీ కాదు, పుస్తకమంతా. ఎంత శ్రద్ధగా చేశారంటే ఎక్కడా ముడత లేదు.

ఎవరు చేశారని అడిగాను. వెంకన్న ముఖంలో తప్పు చేసినవాడి జాడే లేదు.

"నేనే మేడం. ఇంట్ల ఇంగ్లిషే సదివియ్యుమని మీరే చెప్పిన్రు గద. తెలుగు కండ్లకు కనవడితే పిల్ల గా దిక్కే పోతది. పరీక్షల గిట్ల తెలుగుల రాస్తే ఊకోనని గూడ చెప్పిన."

పుస్తకాలిచ్చిన వారమే, ఆదివారమంతా కూర్చుని ఆయన ఈ పని చేశాడట. నా మాటను నాకంటే ఎక్కువగా నమ్మాడు. ఆ పుస్తకం తోటి పిల్లలు చూసి నవ్వుతారని అక్షిత ఇంట్లో దాచింది, దాచినందుకు నేను నిలబెట్టాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తప్పు నాదేనని ఆయనతో అన్నాను. కానీ ఆయన వినే మనిషి కాదు. తెలుగు చదివితే ఇంగ్లిష్ రాదు, అంతే అన్నాడు. వాదన పెట్టుకోకుండా వేరే సంగతి అడిగాను. మిల్లులో వడ్లు పోసే చోట అయస్కాంతం ఎందుకు పెడతారని. అప్పుడు మేం చెప్పుకుంటున్నది అయస్కాంతాల పాఠమే. వడ్లతోపాటు మేకులు, తీగముక్కలు వస్తాయని, అవి లోపలికి పోతే మిషన్ ఖరాబవుతుందని ఆయన ఉత్సాహంగా చెప్పాడు. అల్యూమినియం ముక్క పడితే పట్టుకుంటుందా అన్నాను. ఆయన ఆలోచనలో పడ్డాడు.

"పట్టుకోది నాయినా" అంది అక్షిత, తలుపు వెనక నుంచి.

బయటికి వచ్చింది. ఇనుము, నికెల్, కోబాల్టులను అయస్కాంతం పట్టుకుంటుందని, మిగతావాటిని పట్టుకోదని, అయస్కాంతాన్ని నడిమికి విరిచినా రెండు ధ్రువాలూ ఉంటాయని, పదేపదే కింద పడేస్తే బలం పోతుందని గడగడా చెప్పి, మీ మిల్లులో దాన్ని జాగ్రత్తగా వాడుతున్నారా అని తండ్రినే నిలదీసింది. నేను తరగతిలో చెప్పిన ఒక్క ముక్క పోలేదు. ఆనందంతో నాకు కళ్లు చెమర్చాయి. వెంకన్న తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"గివన్ని ఎర్కేనా బిడ్డా నీకు? మరి తెల్లకాయితం ఎందుకిచ్చినవ్?"

"తెలుగుల రాస్తే ఊకోనంటివి గద నాయినా."

వెంకన్న పుస్తకం దగ్గరికి లాక్కుని, అతికించిన ఒక కాగితం అంచు పట్టుకుని లాగబోయాడు. సైదమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. మొత్తం పీకితే పేజీ చినుగుతుందని, పై కాగితాన్ని మాత్రం మూడు దిక్కులా కోసి ఒక దిక్కు అలాగే ఉంచుదామని అంది. పిల్ల ముందు ఇంగ్లిష్ చదివి, అర్థం కాకపోతే కాగితం లేపి తెలుగు చూసుకుంటుంది, మళ్లీ ఇంగ్లిష్‌కు వస్తుందని ఆమె ఆలోచన. సైదమ్మ ఏడు దాకా చదువుకుంది. ట్రైనింగుల్లో ఎన్నిసార్లు కూర్చున్నా ఇంత తేలికైన పద్ధతి నాకెవరూ చెప్పలేదు. ఇక నుంచి వంట చేస్తూ తెలుగు పేజీలోంచి ప్రశ్నలు అడిగే పని తల్లిది. మిల్లులో చూసింది చెప్పే పని తండ్రిది. పరీక్షలో ఏ భాషలో తెలిస్తే ఆ భాషలో రాయమని నేనూ చెప్పాను.

దసరాకు ముందు జరిగిన పెద్ద పరీక్షలో అక్షిత సగం తెలుగులో, సగం తప్పుల ఇంగ్లిష్‌లో, కాగితం నిండా రాసింది. నిండిన ఆ కాగితం చూడగానే నా గుండెల మీది బరువంతా దిగిపోయింది. సెలవుల తర్వాత మా బడికే వచ్చింది. హాస్టల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాతి పి.టి.ఎం.లో నేను అలవాటు ప్రకారం అందరికీ ఒక సలహా ఇచ్చాను, పిల్లల్ని ఫోన్‌కు దూరంగా ఉంచండని. కూతురు చొక్కా పట్టి లాగుతున్నా వినకుండా వెంకన్న లేచి నిలబడ్డాడు.

"దూరమంటే ఎంత దూరం మేడం? రీచార్జ్ బంద్ చెయ్యాల్నా, ఫోనే పలగ్గొట్టాల్నా? జర ఇప్పుడే చెప్పుండ్రి. మళ్ల నేను చేసినంక పరేషానైతరు."

గదంతా నవ్వింది. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను. తర్వాత ఆయన్ను కూర్చోమని, అన్నం తినేటప్పుడు ఫోన్ వద్దు, ఆ కాసేపు బడిలో ఏం చెప్పారో పిల్లల్ని అడగండి, ఇంట్లో మీరు మాట్లాడే భాషలోనే అడగండి అని విడమరిచి చెప్పాను. పిల్లలకు పాఠం అర్థమైందో లేదో ఇన్నేళ్లుగా రోజూ అడుగుతున్నాను. పెద్దవాళ్లను ఏనాడూ అడగలేదు. ఆ రోజు నుంచి, ఇంటికెళ్లి మీరేం చేస్తారో నాకు చెప్పండి అని అడిగి, వాళ్ల నోట విన్నాకే లేస్తున్నాను.