కండెల రాట్నం మీద నురుగు కాఫీ

డెబ్బైలు వెళ్ళిపోయి ఎనభైలు వచ్చిన ఆ కాలంలో, వరంగల్‌లోని మా కాశిబుగ్గలో కాఫీ అంటే ఇంట్లో తాగేది కాదు, పెళ్ళిళ్ళలో చూసేది. అవును, చూసేదే. పందిట్లో ఒక మూల ఇత్తడి మిషన్ పెట్టేవారు. అది బుస్సుమని ఆవిరి కక్కితే పాలు తెల్లగా పొంగి కప్పు అంచు దాటి నిలబడేవి. పెళ్ళికొడుకు చుట్టూ ఉన్నంత జనం దాని చుట్టూ కూడా ఉండేవారు. ఇంటికొస్తే మాదంతా చాయ్ రాజ్యం. మూతికి నురుగు అంటించుకున్న మనిషికి హోదా దానంతట అదే వస్తుందని నేను గట్టిగా నమ్మిన వయసు అది. (అప్పటికి నా మూతికి మీసం కూడా సరిగ్గా అంటలేదు.)

డిగ్రీ పాసై ఇంట్లో ఉన్నాను. పొద్దున నాయిన పక్కన మగ్గం మీద కూర్చోవడం, మధ్యాహ్నం బస్సెక్కి హనుమకొండలో ఒక దినపత్రిక ఆఫీసు మెట్ల మీద కూర్చోవడం నా పని. విలేకరిని కావాలని కోరిక. అక్కడి ఇంచార్జి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. అందరూ ఆయనను కాఫీ సారు అనేవారు. మంచి కాఫీ దొరకని ఊళ్ళో వేశారని పైవాళ్ళ మీద ఆయనకు తీరని కోపం. చేనేత మీద నేను రాసుకుపోయిన వ్యాసం చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. "ఏమయ్యా, ఇందులో సంక్షోభం ఉంది, సంస్కృతి ఉంది. మనిషి మాత్రం ఒక్కడూ లేడే? మగ్గం ఎవరు నేస్తున్నారు, దయ్యాలా?" అన్నారు. నా మొహం చూసి జాలిపడ్డారేమో, "ఆదివారం మీ ఇంటికొస్తాను. మగ్గాలు చూసి, నిన్ను తీసుకోవాలో వద్దో అప్పుడు చెబుతాను. కాఫీ దొరుకుతుందా?" అని అడిగారు. దొరకదు అంటే సరిపోయేది. "దొరుకుతది సార్, నురుగు కాఫీ! పెళ్ళి మిషన్‌ల వచ్చినట్టే ఉంటది" అన్నాను.

ఇంటికొచ్చి చెప్తే అమ్మ నెత్తి కొట్టుకుంది. "మనింట్ల కాఫీ పొడే లేదు, నురుగెక్కడి నుంచి తెస్తవురా?" కాఫీ పొడి చిన్న సీసా కొన్నాను. నురుగు మాత్రం ఏ దుకాణంలోనూ అమ్మరు కదా. రెండు గ్లాసులు పట్టుకుని పాలు పైనుంచి కిందికి తిరగబోశాను. సగం పాలు మోచేతి నుంచి కారిపోయాయి, మిగతా సగం చల్లారిపోయాయి. పొడీ చక్కెరా కలిపి చెంచాతో గిలక్కొడితే మణికట్టు వాచింది. మజ్జిగ కవ్వం అందుకోబోతే అమ్మ చెయ్యి మీద ఒక్కటి వేసింది. "పులుపు కవ్వం పాలల్ల పెడితే విరిగిపోవా? నీ కొలువు గూడ విరిగిపోతది!"

అప్పుడొచ్చాడు మా అక్క మొగుడు. పవర్‌లూమ్‌లు రిపేరు చేస్తాడు. ఏ వస్తువును చూసినా అది ఇంకో పనికి పుట్టిందని ఆయన అభిప్రాయం. "చేతులెందుకు నొప్పి జేసుకుంటవు బామ్మర్దీ? ఇంట్ల ఇంత మంచి రాట్నం ఉండంగ" అన్నాడు. మా అమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టే రాట్నం అది. పెద్ద చక్రం ఒక్కసారి తిప్పితే దానికున్న సన్నటి ఇనుప కదురు గిర్రున తిరుగుతుంది. బావ దాన్ని రెండు పీటల మీద పక్కకు పండబెట్టి, కదురు కిందికి వేలాడేలా చేసి, కొనకు సైకిల్ చక్రం పుల్లను చుట్టలా వంచి కట్టాడు. పాలు దండగ చేయడమెందుకని కుంకుడు పులుసుతో పరీక్ష పెట్టాం. బావ మెల్లగా తిప్పితే గిన్నె నిండా నురుగు లేచి నిలబడింది. "సూసినవా? పెళ్ళి మిషన్ దీని ముందల దిగదుడుపే!" అన్నాడు. పుల్లను బూడిదతో తోమి, సారు కోసం ఎదురుచూశాం.

ఆదివారం సారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చారు. మగ్గం పక్కన ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టాం. అసలు చిక్కు అప్పుడు తెలిసింది. వేడి పాలగిన్నెను బట్టతో పట్టుకోవడానికి నేను కావాలి. రాట్నం కదలకుండా అదిమి పట్టడానికి బావ కావాలి. చక్రం తిప్పడానికి అమ్మే మిగిలింది. మొదట బాగానే తిప్పింది. పాలు తెల్లగా పొంగుతున్నాయి. నా కొలువు కూడా వాటితోపాటే పొంగుతున్నట్టు అనిపించింది. ఇంతలో సారు మర్యాదకు, "ఎప్పటి నుంచి చుడుతున్నారమ్మా కండెలు?" అని అడిగారు.

"పెండ్లయినప్పటి సంది సారూ. మా అత్త నేర్పింది. దారం తెగితె తిట్టేది, ఆగితె ఇంక తిట్టేది" అని మొదలుపెట్టింది అమ్మ. కండెల మాట నోట్లోకి రాగానే, కండెల వేగం చేతిలోకి వచ్చింది. రాట్నం రయ్యిమంది.

"అత్తమ్మా, జర నిమ్మలం! నిమ్మలం!" అని బావ అరిచాడు.

"నేను తిప్పుతలేను కొడుకా, చెయ్యే తిరుగుతాంది!"

పాలు గిన్నెలో ఉండనంటే ఉండనన్నాయి. గొడుగులా విచ్చుకుని గోడ మీద, బావ మీద, సారు కళ్ళద్దాల మీద, చొక్కా మీద సమానంగా పడ్డాయి. మగ్గం గుంటలోంచి నాయిన లేచి, "ఓయ్, నా పడుగు నూలు! గంజి మొన్ననే పెట్టిన, ఇప్పుడు పాలెందుకే?" అని కేక పెట్టాడు. "మీ ఇంట్ల నూలు గూడ పాలు తాగుతది మామా" అన్నాడు బావ. "నీ తెలివి తగలెయ్య, రాట్నాన్ని కవ్వం జేసినవు" అని నాయిన, "అల్లుని అంటవేంది, అది తిప్పింది నేను" అని అమ్మ. నేను మాత్రం గిన్నెలో మిగిలిన పాలు ఒలకకుండా పట్టుకున్నాను. సారు లేచి వెళ్ళిపోతారని, ఆయనతో పాటే నా ఉద్యోగమూ గడప దాటుతుందని చూస్తున్నాను.

సారు కళ్ళద్దాలు తీశారు. భుజాలు కదులుతున్నాయి. కోపమనుకున్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. "గిన్నెలో ఏమైనా మిగిలిందా?" అన్నారు. అడుగున మిగిలిన రెండు గుక్కలు కాఫీలో కలిపి ఇచ్చాం. పైన వేలెడు నురుగు. తాగి, మూతి తుడుచుకుని, నా వైపు తిరిగారు. "ఇంతసేపూ ఈ ఇంట్లో ముగ్గురు మాట్లాడారయ్యా. నీ వ్యాసంలోకి వీళ్ళనెందుకు రానివ్వలేదు? రేపు రాసుకురా."

రాశాను. సంక్షోభమూ సంస్కృతీ పక్కన పెట్టి, మా అమ్మ చేతినీ నాయిన పడుగునూ రాశాను. సారు చదివి, మొదటి పేరా కొట్టేసి, "రేపటి నుంచి రా" అన్నారు. పరుగున ఇంటికొచ్చి ఎందుకు తీసుకున్నారో అమ్మకు వివరంగా చెప్పాను. అంతా విని, "రాసుడు అందరు రాస్తరు గాని, అసొంటి నురుగు ఎవలు జేస్తరురా?" అంది. ఆ సాయంత్రమే వాడకట్టంతా తిరిగి, తన కాఫీ తాగే సారు నాకు కొలువిచ్చాడని చెప్పుకొచ్చింది. నేను కాదనడానికి నోరు తెరిచాను. ఆమె మొహంలో ఉన్న వెలుగు చూసి మూసుకున్నాను.

తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా వార్తలు సరిచూసి, తప్పులు దిద్ది బతికాను. ఆ ఒక్క వార్తను మాత్రం ఎన్నడూ దిద్దలేదు. ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే, అమ్మ చెప్పిందే నిజమేమోనని కూడా అనిపిస్తుంది.