తొట్టి మీద కంప

మా మేనత్త పోయింది. గిద్దలూరులో నేను పనిచేసే బడిలో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుండగా ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది మేయ్. పొద్దున మొహం కడుక్కొని అరుగు మీద కూచున్నది, మళ్ళా లేయలా" అన్నాడు.

కొమరోలు బస్సులో కూర్చున్నాక ఫోనులో ఇంకో కబురు వచ్చింది. మా ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు పెట్టిన కంపెనీ వాళ్ళు పంపింది. చేతిలో నీళ్ళ గ్లాసుతో అత్త ఫోటో, చుట్టూ పూల అంచు, కింద "మా సాధికార మహిళకు అశ్రునివాళి" అని. అత్త పేరు కంటే కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. బతికుండగా ఆమె వాళ్ళను ఒక్క వాక్యం రాయించమని అడిగింది. దానికి తీరిక దొరకలేదు. పోయిన పూటకే ఇది రాయించగలిగారు. ఏడుపు రావాల్సిన నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ అదే ఉంది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు.

అత్తను తలుచుకుంటే ముందు నీళ్ళే గుర్తొస్తాయి. ఆమె ఇంట్లో నీటిచుక్క ఊరికే నేలపాలైంది లేదు. బియ్యం కడిగిన నీళ్ళు బర్రె కుడితిలోకి, గిన్నెలు తోమిన నీళ్ళు కరివేపాకు మొదట్లోకి. స్నానాల బండ కింద చిన్న కాలువ తీసి, ఆ నీళ్ళు జామచెట్టుకు పారేటట్టు చేసింది. ఎండాకాలం సెలవులకు పోయి నేను కొళాయి తిప్పి పళ్ళు తోముకుంటుంటే వెనక నుంచి కేక వినపడేది. "ఏంది కోడలా, నీ నోట్లో ఏరు పారుతాందా? కట్టెయ్ దాన్ని!" గ్లాసులో అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళు నేను పారబోస్తే, ఆ పూటంతా నాతో మాట్లాడేది కాదు. "నీళ్ళు పారబోసిన చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళకే చాపాల" అనేది.

ఆ నీళ్ళేమన్నా అమృతమా అంటే కాదు. మా పడమటి ఊళ్ళ బోర్లలో ఫ్లోరిన్. పళ్ళ మీద గోధుమరంగు చారలు, నలభై దాటకముందే వంగని మోకాళ్ళు. మా ఊరి ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. బయటివాళ్ళు చూసి ఎంత సిగ్గరి పిల్లలో అని ముచ్చటపడతారు. సిగ్గూ లేదు, మన్నూ లేదు, పళ్ళు కనపడకుండా అంతే. అత్త అరవయ్యేళ్ళు వచ్చినా అట్లాగే నవ్వేది. మోకాళ్ళు పట్టేసి కింద కూర్చోలేక, ఎత్తు పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చునేది.

అట్లాంటి ఊరికి, పక్క బీడుభూముల్లో సోలార్ పలకలు పరిచిన కంపెనీ ఒకటి మంచినీళ్ళ ప్లాంటు కట్టించింది. లాభాల్లో కొంత జనం కోసం ఖర్చు పెట్టాలని చట్టం ఉందట, సీఎస్‌ఆర్ అంటారు. మంచిదే. ప్లాంటును ఆడవాళ్ళే నడపాలన్నారు. ఇంకా మంచిది. పొదుపు సంఘం లీడరని అత్తను ఆపరేటరుగా పెట్టారు. బోరు మోటారు వేయడం, క్యాన్లు నింపడం, సాయంత్రం తాళం వేసుకోవడం ఆమె పని. ఆ తాళంచెవి కొంగుకు కట్టుకుని ఆమె నడుస్తుంటే మోకాళ్ళ నొప్పి సంగతే మరిచిపోయినట్టుండేది. నిజం చెప్పాలి, ఆ మొదటి రోజుల్లో అత్త సంతోషంగా ఉంది. ఊళ్ళో పసిపిల్లలైనా తెల్లటి పళ్ళతో పెరుగుతారని ఆమెకు ఆశ. దాని కోసమే పొద్దున్నే అందరికంటే ముందు పోయి తలుపు తీసేది.

ట్రైనింగని మార్కాపురంలో ఒక హోటలుకు తీసుకుపోయారు. ప్లాంటు గురించి నేర్పింది తక్కువ, మైకు ముందు ఎట్లా మాట్లాడాలో నేర్పింది ఎక్కువ. "ఒకప్పుడు నేను వంటింటికే పరిమితం. ఈ రోజు నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను" అని అందరి చేతా పలికించారట. తిరిగొచ్చి ఆ మాట నాకు చెప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని విరగబడి నవ్వింది.

"వంటింట్లో కూచునే భాగ్యం నాకు ఏ నాడు దొరికినాదే? ఊహ తెలిసినకాడ్నుంచి చేన్లోనే గదా ఉండేది! కాళ్ళ మీద నిలబడ్డానంట. ఈ కాళ్ళు వంగి సస్తే గదా, నిలబడక ఏం జేస్తా?"

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. అది మా ఊరివాళ్ళు మాత్రమే చేయగల తప్పు.

ప్లాంటుకు రెండు పైపులుంటాయి. ఒకదాన్లో మంచినీళ్ళు వస్తాయి, రెండోదాన్లో వేస్టు నీళ్ళు పోతాయి. ఆ రెండో పైపును కట్టినవాళ్ళు మురిక్కాలవలోకి వదిలారు. నీళ్ళు బొళబొళా కాలవలోకి పోతుంటే మా ఊరి ఆడవాళ్ళు చూడగలరా? చూడటానికి తేటగా, మంచినీళ్ళలాగే ఉన్నాయి. అత్తకైతే గుండె కోసినట్టయింది. సంఘంలో మాట్లాడి, మేస్త్రీని పిలిచి, పైపు కింద సిమెంటు తొట్టి కట్టించింది. బర్రెలు, మేకలు అక్కడే తాగాయి. మొదట బట్టలకు, అంట్లకు పట్టుకుపోయారు. తర్వాత బియ్యం కడగడానికి. తర్వాత పప్పు, సంగటి, టీ. క్యాను నీళ్ళు తాగడానికి, తొట్టి నీళ్ళు వంటకు అని ఊరంతా వాడుక పడింది.

కంపెనీ వాళ్ళు ఆ తొట్టిని చూశారు. చూసి చప్పట్లు కొట్టారు. కంపెనీ తరఫున నెలనెలా వచ్చే మేడమ్ "ఈ నీళ్ళు ఏం చేస్తారమ్మా?" అని అడిగితే, "వాడుకుంటామమ్మా, ఒక్క చుక్క పోనియ్యం" అంది అత్త. దేనికి వాడుకుంటారు అని మేడమ్ అడగలేదు. ఆ ఏడు కంపెనీ అచ్చువేసిన పుస్తకంలో తొట్టి ఫోటో వచ్చింది, మహిళల సొంత ఆలోచన, చుక్క కూడా వృథా కాని ఊరు అని. అత్త దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టుకుంది.

రెండేళ్ళు అట్లా గడిచాయి. ఒకసారి ఫిల్టరు బాగుచేయడానికి మార్కాపురం నుంచి నడివయసు మెకానిక్కు వచ్చాడు. అత్త టీ పెట్టి ఇచ్చింది. రెండు గుక్కలు తాగి, అతను మాటల మధ్యలో అడిగాడు.

"తొట్టికాడ చెంబు పెట్టినారేంది పెద్దమ్మా? ఆ నీళ్ళు దేనికి?"

"వంటకు నాయనా. నువ్వు తాగే టీ కూడా అదే."

అతను గ్లాసు కింద పెట్టాడట. "అయ్యో పెద్దమ్మా, బోరు నీళ్ళల్లో ఉండే చెడంతా వడగట్టి బయటికి పంపేది ఆ పైపులోనే గదా! బోరు నీళ్ళే మేలు వాటికంటే. ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. మైకు ఎట్లా పట్టుకోవాలో చెప్పారు. అతిథులకు బొట్టు పెట్టి, దండ ఎటు నుంచి వేయాలో చెప్పారు. ఇది చెప్పలేదు. పని తెలిసినవాడికి చెప్పాలని తోచలేదు, చెప్పాల్సినవాళ్ళకు పని తెలియదు.

ఆ రోజు అత్త నాకు ఫోన్ చేసింది. మెకానిక్కు అన్నదంతా చెప్పింది. తర్వాత "తొట్టి కట్టించింది నేనే గదా కోడలా" అంది. అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ ఆమె గొంతు అట్లా వినలేదు. ఆ సాయంత్రమే కర్ర పట్టుకుని ఇంటింటికీ పోయింది. కొందరు విన్నారు. కొందరు ఆమెకే ఎదురు చెప్పారు. "కంపెనీ సార్లే మెచ్చుకొని ఫోటో తీసుకుపోయినారు గదా, సదువుకున్నోళ్ళకు తెలీదా, నీకు తెలుసా?" అన్నారు. వాళ్ళను ఎట్లా తప్పు పట్టను? తొట్టిని పొగిడింది పుస్తకం, తిట్టింది వేలిముద్ర మాని ఈ మధ్యే సంతకం నేర్చుకున్న ముసలమ్మ.

అందుకని కంపెనీని ఒకటే అడిగింది. ప్లాంటు గోడ నిండా వాళ్ళ బోర్డులే ఉన్నాయి. అందులో ఒక మూల "ఈ తొట్టి నీళ్ళు తాగొద్దు, వండొద్దు" అని రాయించండి, మీ మాటైతే జనం వింటారు అని. పైపును దూరంగా గుంత తీసి అందులోకి మళ్ళించండి అని. మేడమ్ ఆ మాట పై ఆఫీసుకు పంపుతానంది. మళ్ళీ అడిగితే, "బోర్డు మీద అట్లా రాస్తే నెగెటివ్‌గా ఉంటుందమ్మా, మనం పాజిటివ్‌గా చెప్పే మార్గం ఆలోచిద్దాం" అంది. అంటే ఏమిటని అత్త నన్ను అడిగింది.

వాళ్ళు ఆలోచిస్తూ ఉన్నారు. అత్త చేనుకు పోయి, మేక కూడా ముట్టని సర్కారు తుమ్మకంప కొట్టుకొచ్చి తొట్టి మీద వేసింది. మా వైపు చేలో దారి మూసేయాలన్నా, పాడుబడిన బావి దగ్గరకు పోవద్దని చెప్పాలన్నా కంప వేస్తారు. అది చదవడానికి బడికి పోనక్కరలేదు, పశువులకు కూడా అర్థమవుతుంది. కంప ఎండితే కొత్తది కొట్టుకొచ్చేది. చేతుల నిండా గీరుకుపోయిన గీతలు. ఇక కంపెనీ అతిథులు వచ్చే రోజున ఫోటోకు అడ్డమని ఎవరో ఒకరు దాన్ని లాగేసేవాళ్ళు. "ఫోటోకు దాహం ఉండదు కోడలా. మనుషులకే ఉంటాది" అంది ఒకసారి.

కంపెనీ పెద్దసారు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఎండాకాలం సెలవులు. ఆడవాళ్ళందరికీ ఒకే రంగు చీరలు కట్టించారు. సారుకు అత్త మంచినీళ్ళ గ్లాసు అందించాలి, సారు తాగాలి, అది కార్యక్రమం. అత్త రెండు గ్లాసులు తెచ్చింది. రెండూ తేటగా మెరుస్తున్నాయి.

"రెండూ మీ ప్లాంటు నీళ్ళే సార్. ఇవి ఈ పైపువి, ఇవి ఆ పైపువి. మా ఊరు రెండూ తాగింది. మాకు ఒక మాట చెప్పినవాళ్ళు లేరు."

సారుకు తెలుగు అంతగా రాదు. చిరునవ్వు నవ్వి, దగ్గరగా ఉన్న గ్లాసుకు చెయ్యి చాపాడు. అది తొట్టి నీళ్ళది. ఆ గ్లాసు చాపిన అత్తను ఫోటో తీశారు. అతని వేళ్ళు తగిలేలోపు అత్త గ్లాసు వెనక్కి లాక్కుంది.

"వద్దులే నాయనా. నువ్వూ ఒక తల్లి కన్న బిడ్డవే" అని ఆ నీళ్ళు నేల మీద పారబోసింది.

అత్త నీళ్ళు పారబోయడం నేను చూడటం అదే మొదటిసారి. మేడమ్ మాత్రం సారుతో ఇంగ్లీషులో ఏదో చెప్పి, "మీ అత్తగారు ఎమోషనల్ అయ్యారు" అని నాతో అంది.

తర్వాత ఆమెను తీసేశారు. తీసేశారని అనకూడదేమో, సన్మానించారు. వయసు మీద పడింది కాబట్టి విశ్రాంతి అని శాలువా కప్పి, తాళంచెవి తీసుకున్నారు. ఎదురింటి కోడలిని ఆపరేటరుగా పెట్టారు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, అత్తకూ లేదు. కానీ ఆ శాలువాను అత్త ఒక్కరోజూ కప్పుకోలేదు. బర్రెదూడకు చలి వేస్తే దానికి కప్పింది.

ఆ నీళ్ళే ఆమెను చంపాయని నేను అనను. గుండె ఆగిందని డాక్టరు అన్నాడు, కావచ్చు. ఆమె మోకాళ్ళు ప్లాంటు రాకముందే పాడయ్యాయి. నేను అనేది వేరు. ఒక మనిషికి సాధికారత ఇచ్చామని ఊరూరా చెప్పుకున్నవాళ్ళు, ఆమె నోరు తెరిచి అడిగిన ఒక్క మాట గోడ మీద రాయలేదు. ఆమె బొమ్మ కావాలి, ఆమె మాట వద్దు. సంతాపానికి వాళ్ళు పెట్టిన ఫోటో ఉంది చూశారా, అది పెద్దసారు వచ్చిన రోజు తీసిందే. అత్త చేతిలో ఉన్నవి తొట్టి నీళ్ళు. ఆ సంగతి పెట్టినవాళ్ళకు తెలియదు. ఆ ఫోటోలో అత్త నవ్వడం లేదు, నోటికి చెయ్యి అడ్డం లేదు.

మూడోనాడు, చిన్నదినానికి కంపెనీ వాళ్ళు కారులో వచ్చారు. ఇంటికి వచ్చి బావను పలకరించి, ప్లాంటు దగ్గర నివాళి అన్నారు. మేమంతా పోయాం. తొట్టి మీద కంప ఉంది. పచ్చిది, ఆకు కూడా వాడలేదు. అత్త పోయి మూడు రోజులైంది కదా, ఎవరు వేశారో నాకు అర్థం కాలేదు. వచ్చినవాళ్ళలో ఒకాయన దాన్ని బూటుతో పక్కకు నెట్టాడు. ప్లాంటు ముందు కంపెనీ పేరుతో ఉన్న శిలాఫలకానికి పెద్ద బంతిపూల దండ వేశారు. రెండు నిమిషాలు మౌనం. ఫోటోలు తీసుకున్నారు. అత్త ఆశయాలు కొనసాగిస్తామన్నారు. కారు వెళ్ళిపోయింది.

జనం కదులుతుంటే ఎదురింటి కోడలు వెనకే ఉండిపోయింది. కొంగుకు తాళంచెవి. వంగి, ముళ్ళు గుచ్చుకుంటున్నా వదలకుండా కంపను లాక్కొచ్చి తొట్టి మీద వేసింది. నేను చూస్తున్నానని తెలిసి, "అత్తమ్మ చెప్పిపోయింది వదినా" అంది. వేలికి వచ్చిన నెత్తురు చీరకు తుడుచుకుని ఇంటికి పోయింది.

నేను ఇంకాసేపు నిలబడ్డాను. పైపులోంచి నీళ్ళు తొట్టిలోకి పడుతూనే ఉన్నాయి. ఎవరిదో మేక ఒకటి దాహంతో వచ్చింది. కంప దాకా వచ్చి ఆగింది. మూతి చాపి చూసి, వెనక్కి తీసుకుంది. తర్వాత శిలాఫలకం వైపు తిరిగి, కంపెనీ వాళ్ళు వేసిన దండను ఒక్కొక్క పువ్వే తినడం మొదలుపెట్టింది.