టెమాగమి సరస్సు మీద భీమవరం పందెం

ఈ ప్రయాణానికి కారణం పద్మ నోరే. భీమవరం పక్కన చేపల చెరువులున్న ఇంటి పిల్ల. కెనడాలోని బ్రాంప్టన్‌లో మేం ముగ్గురం ఒకే కాలేజీలో చదువుతూ ఒకే బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. దుకాణం నుంచి ఏ చేప తెచ్చినా పద్మ మూతి తిప్పుతుంది. "ఇదో చేపా? మంచుగడ్డ! చేపంటే మా భీమవరంలో తినాలి!" విని విని వరంగల్ నవ్యకు ఒళ్లు మండింది. "గట్లయితే నువ్వే వట్టి చూపియ్యరాదే!" అంది. పద్మ అక్కడికక్కడే పందెం కాసింది. ఉత్తరాన ఏదైనా సరస్సుకు వెళ్లి, సొంతంగా చేప పట్టి పులుసు పెడుతుంది. పెట్టలేకపోతే చదువయ్యేదాకా ఇంట్లో గిన్నెలన్నీ తనే తోముతుంది. పెడితే నవ్య తోమాలి. నాది అనంతపురం, చేపల గొడవ నాకెందుకు? కానీ డ్రైవింగ్ లైసెన్స్ నా ఒక్కదానికే ఉంది మరి, నన్నూ లాగారు.

వేసవి లాంగ్ వీకెండ్‌కి అద్దె కారు తీసుకుని తెల్లవారకముందే బయల్దేరాం. హైవే 400 మీద బారీ ఊరు దాటాక హైవే 11 పట్టుకుంటే చాలు, దారి తప్పడానికి వీల్లేదు. నార్త్ బేలో పెట్రోలు నింపుకోండి, తర్వాత బంకులు తక్కువ. అక్కడి నుంచి రోడ్డుకు అటూ ఇటూ బండలు, పైన్ చెట్లు, మలుపు తిరిగితే చాలు నీళ్లు. ఆగుతూ పోతే టెమాగమికి ఆరు గంటలు. కారు, క్యాబిన్, పడవ అన్నీ కలిపి తలకు రెండొందల డాలర్ల లోపే అయింది. ఫిషింగ్ లైసెన్సులు ఆన్‌లైన్‌లో ముందే తీసుకున్నాం.

అసలు విడ్డూరం నవ్య ఒళ్లో ఉన్న గిన్నెలో ఉంది. పద్మ ముందురోజే పులుసు కాచేసింది. చేపల్లేని చేపల పులుసు! "పులుసు ఒక పూట ఊరితేనే రుచి. ముక్కలు అక్కడ పడేసి ఉడకనిస్తే చాలు" అంది. బియ్యం తప్ప ఇంకో తిండి తీసుకురానివ్వలేదు. ఏం ధీమా, తల్లీ! దారంతా కారులో చింతపండు వాసనే.

క్యాబిన్ యజమాని డెనీస్ ఆంటీ మాకు పడవ, గేలాలు, ఎరలు, ఒక కొలబద్ద ఇచ్చింది. దాని మీద రెండు ఎర్ర గీతలున్నాయి. "పికెరల్ పొడవు ఈ గీతల మధ్యకొస్తే నీళ్లలో వదిలేయాలి. అంతకంటే చిన్నవి వండుకోవచ్చు" అని చెప్పింది. పికెరల్ అంటే ఇక్కడివాళ్లు ప్రాణం పెట్టే చేప. "ఇంతకుముందు పట్టారా?" అని అడిగితే, "మాకు చెరువులే ఉన్నాయి ఆంటీ" అంది పద్మ దర్జాగా.

తీరా సరస్సు మధ్యకెళ్లాక బండారం బయటపడింది. పద్మ జన్మలో గేలం ముట్టలేదు! వాళ్లింట్లో వలలతో టన్నులకొద్దీ తీస్తారట. మొదటి విసురుకే కొక్కెం నవ్య హుడీకి పట్టుకుంది. "నన్ను వడ్తున్నవేందే! నన్నే పులుసు వెడ్తవా?" అని నవ్య అరుపు. పడవ ఊగేలా నవ్వాం. మధ్యాహ్నమంతా ఒక్క చేపా పడలేదు. అయినా ఆ నీళ్ల మీద తేలుతుంటే, పార్ట్‌టైమ్ పనికెళ్లే వేర్‌హౌస్‌లో ట్రాలీలు తోసిన నా భుజాల నొప్పి ఏమైపోయిందో తెలియలేదు. ఎంత హాయిగా ఉందో!

ఎండ తగ్గుతుండగా పద్మ కేక పెట్టింది. "పడిందే బాబూ, పడింది!" గేలం కర్ర విల్లులా వంగింది. ఇద్దరం చెరో పక్క ఆమె నడుం పట్టుకున్నాం. పడవలో ఉన్న చేతివలలోకి వచ్చిన చేప బంగారు రంగులో తళతళలాడింది. కొలబద్ద మీద పెడితే తోక మొదటి గీత దాటి రెండువేళ్లు పైకి పోయింది.

అంటే వదిలేయాల్సిందే. మొదట తేరుకుంది నవ్యే.

"ఎవరు జూస్తరే ఈడ? కొయ్యి. గిన్నెలు నేనే తోముత తియ్."

పద్మ తల అడ్డంగా ఊపింది. "మా చెరువులో తల్లి చేపని కూరకి తియ్యరే. ఎంత ఆకలేసినా తియ్యరు. ఈ గీతలు కూడా అందుకే పెట్టుంటారు." రెండు చేతులతో దాన్ని నీళ్లలోకి దించి, తోక ఆడించేదాకా పట్టుకుని వదిలేసింది. "ఎంత బాగుందే!" అంది, ఏడుస్తూ నవ్వుతూ. నాకూ కళ్లు చెమర్చాయి.

తర్వాత ఇంకో చేప పడలేదు. ఒడ్డుకొచ్చి డెనీస్ ఆంటీ దగ్గర డజను గుడ్లు కొని, ఉడకబెట్టి పులుసులో వేశాం. ఆకలి మీదున్నామేమో, అమృతమే. నవ్య మూడుసార్లు వడ్డించుకుంది. తిన్నాక పద్మ గిన్నెలు ఎత్తుకుని కుళాయి దగ్గరికి నడిచింది. నవ్య వెళ్లి ఆమె చేతిలోంచి పీచు లాగేసుకుంది. "చేపను వట్టినవ్. నేను జూసిన. జరుగు."

ఏడాదిగా ఒకే కప్పు కింద ఉంటున్నా, షిఫ్టుల గొడవలో వీళ్లిద్దరూ ఎలాంటివాళ్లో నాకు సరిగ్గా తెలియలేదు. ఆ రెండు గీతల మధ్య తెలిసింది. మీరు పులుసు కాచి తీసుకెళ్తానంటే నేను ఆపను కానీ, గుడ్లు మాత్రం మర్చిపోవద్దు. ఇక పందెం ఎవరు గెలిచారంటారా? ఇప్పుడు రోజూ సింక్ దగ్గర "నేను తోముతా" అంటే "నేను తోముతా" అని ఆ ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. నేను తిన్న కంచం అక్కడ పెట్టేసి హాయిగా పడుకుంటున్నా.