నేను ఎగిరిన పంతొమ్మిది అంగుళాలు

రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ రోజుల్లో మార్కాపురంలో మా ఈడువాళ్లందరిదీ ఒకటే కోరిక: ఒక్కసారి రాజధాని చూడాలి. (ఆఫీసులన్నీ గుడారాల్లోనే ఉన్నాయని చూసొచ్చినవాళ్లు చెప్పినా మేం నమ్మలేదు.) నాకు పద్దెనిమిదేళ్లు, పలకల కార్ఖానాలో పని, సాయంత్రాలు వాలీబాల్. కర్నూలు పోటీలకు వెళ్లే జట్టులో ఒక్క చోటే మిగిలిందని తెలిసినప్పటి నుంచి నాకూ, మా మేనమామ కొడుకు బావకూ అన్నం సయించలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఎగిరితే ఆ చోటు వాళ్లదే అన్నాడు మాకు ఆట నేర్పే ఆయన. పటాలంలో పనిచేసి వచ్చాడు గనక పటాలం మామ అని పిలిచేవాళ్లం. ఏదైనా సరే, కొలవందే నమ్మేవాడు కాదు.

కార్ఖానా గోడకు పైన నల్లటి పలకరాయి ఒకటి బిగించి, మా వేళ్లకు సుద్దపొడి రాయించాడు. ముందు నేల మీద నిలబడి చెయ్యి నిండా చాపి ఒక గుర్తు పెట్టాలి, తర్వాత ఎగిరి ఇంకో గుర్తు. రెంటికీ మధ్య ఎంత దూరముంటే అంత ఎగిరినట్టు. అక్కడే నా బుర్ర పనిచేసింది. మొదటి గుర్తు ఎంత కిందికి పడితే నేనంత ఎత్తు ఎగిరినట్టే గదా! భుజం కాస్త జారవిడిచి, మోచెయ్యి కనీకనిపించకుండా వంచి గుర్తు పెట్టాను. బావకు పదిహేడు అంగుళాలు వచ్చాయి, నాకు పంతొమ్మిది. మామ ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"ఇంత ఎగిరేటోళ్లయితే మీరు కొట్టే బంతి నెట్టు దాటదేందిరా?"

వెంటనే దర్జీ చిన్నాయన దగ్గర్నుంచి టేపు తెప్పించాడు. ఒక కొస నా నిక్కరుకు కట్టి, టేపును నేలలో దిగ్గొట్టిన కొక్కెంలోంచి దూర్చి వదిలారు. నేనెగిరితే ఎంత టేపు పైకి లాక్కొస్తే అంత లెక్క. భుజమైతే వంచాను, నడుమును ఏం చేసేది? దేవుడికి దండం పెట్టుకుని ఎగిరాను. నేను పైకి వెళ్లాను, టేపు కొక్కెంలో ఇరుక్కుని నిక్కరు మాత్రం కిందే ఆగిపోయింది. (లోపల గోచీ ఉండబట్టి మానం దక్కింది.) టేపు ఆరంగుళాలే చూపించింది.

"ఎగిరింది నువ్వు, మేము కొలిచింది నీ నిక్కరునిరా!" అని మామ కూడా పగలబడి నవ్వి, టేపు పక్కన పడేశాడు. బావను రమ్మంటే, "నా నిక్కరు ఇంకా వదులు మామా, నేను ఎగరను. వాణ్నే పోనీ" అని తలొంచుకున్నాడు. దాంతో పలకరాయి లెక్కే ఖాయమైంది.

కర్నూలు వెళ్లాను. గుడారాలు నిజమే. ఆటలో నేనెంత ఎగిరినా బంతి నా వేళ్ల మీదుగానే పోయింది, ఓడి తిరిగొచ్చాం. బావ స్టేషన్‌కు ఎదురొచ్చి, "రాజధాని ఎట్లుందిరా?" అని ఆశగా అడిగితే చూపు తప్పించి మూట భుజానికెత్తుకున్నాను. కొన్నాళ్లకు రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. బావ దాన్ని కర్నూలులో చూడనేలేదు. ఆ పాపం నాదేనని ఎన్నేళ్లు కుమిలిపోయానో.

మొన్న ధైర్యం చేసి చెప్పేశాను. "బావా, ఆ పొద్దు నేను చెయ్యి వంచినా. నీ చోటు కాజేసినా."

బావ నా భుజం తట్టాడు. "నేనూ వంచినాలేరా. నీ అంత వంచలేకపోయినా. టేపుతో కొలిస్తే బయటపడతాదని తప్పుకున్నా."

ఇన్నేళ్లూ నా ఒక్కడిదే అనుకుని భద్రంగా దాచుకున్న తప్పుకు వాటాదారు దొరికాడు. తేలికపడాల్సింది పోయి, ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. ఆనక ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. ఇంతకూ మా ఇద్దరిలో నిజంగా ఎవరు ఎక్కువ ఎగిరేవాళ్లో ఏ కొలతా చెప్పనేలేదు. ఇప్పుడు తేల్చుకుందామంటే, మంచం దిగడానికే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాల్సి వస్తోంది.