మగ్గం బంద్ చెయ్!

ఆ రోజుల్లో నా గొంతు ఎంత పెద్దదో నాకే తెలియదు. సోలాపూర్ దాజీ పేట్‌లో మా ఇంటి కింద నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు పొద్దంతా ధడధడలాడుతుంటే, "అన్నం తింటవా?" అని అడగడానికి అమ్మ అరిచేది, "తింట!" అనడానికి నేనూ అరిచేదాన్ని. అందరిళ్లలోనూ ఇంతేననుకున్నాను. తువ్వాళ్లు ఎగుమతి చేసే ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం దొరికాక గానీ నిజం తెలియలేదు. మొదటి రోజే మా మేడమ్ (మడత నలగని చీర, అంతకంటే నలగని మరాఠీ) చెవులు మూసుకుని "హళూ బోల్, హళూ!" అంది. మెల్లగా మాట్లాడమని. సరిగ్గా అదే నాకు రానిది! మూడు నెలలు చూస్తానని, గొంతు తగ్గకపోతే ఉద్యోగం ఉండదని చెప్పేసింది.

మూడో నెల ఆఖరి ఆదివారం ఆఫీసువాళ్లందరం సహ్యాద్రిలో ఒక కొండ ఎక్కడానికి వెళ్లాం. సోలాపూర్ పిల్లని, నేనెక్కిన ఎత్తల్లా మా మేడ మెట్లే. "ఒక్కదినం నోరు మూసుకో బిడ్డా, నౌకరి పక్కా అయితది" అంది అమ్మ, గల్లీ చివరిదాకా వినపడేలా. మూసుకున్నాను. రాళ్ల మీద కాలు జారి మోకాలు చెక్కుకుపోయినా "అమ్మా" అనలేదు. అయితే మగ్గాల చుట్టూ తిరిగి తిరిగి గట్టిపడ్డ కాళ్లు కదా, దారి చూపే ముసలాయన వెనకే, అందరికంటే ముందు పైకి చేరింది నేనే.

ఇంతలో మబ్బు దిగి దారిని కమ్మేసింది. ఒక్క క్షణం విడిపోతే కిందికి చూశాను. అందరూ కుడికి తిరిగిన బండ దగ్గర మేడమ్ ఒక్కతే ఎడమకు తిరిగి నడుస్తోంది. ఇంకో నాలుగడుగులేస్తే లోయ. ముసలాయన పిలుపు గాలికి కొట్టుకుపోయింది. ఇంక ఉద్యోగం ఎవరికి గుర్తు? "మేడమ్, ఆగండి" అనాలి. నోట్లోంచి వచ్చింది మాత్రం చిన్నప్పటినుంచీ వేసిన కేకే.

"పోగు తెగిందీ! మగ్గం బంద్ చెయ్!"

(కొండ మీద మగ్గమేంటని మీరిప్పుడు నవ్వుతున్నారు. నేనప్పుడే తల బాదుకున్నాను.) మబ్బు మళ్లీ మూసుకుంది. ఆ మబ్బులోంచి, నా గొంతును మించిన గొంతు, మా గల్లీ తెలుగులో లేచింది.

"బంద్ చేసినా! ఏ దిక్కు రావాలె?"

"ఎనకకు తిరుగుండ్రి! బండ కాడికొచ్చి కుడిదిక్కు!"

కేక మీద కేక వేసుకుంటూ మేడమ్‌ను పైకి తెచ్చుకున్నాను. వస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "మా ఇంట్ల గూడ మగ్గాలే ఉండె పిల్లా. ఆ మాట చెవిల పడితే కాళ్లు వాటంతట అవే ఆగుతయ్" అంది. తర్వాత మిగతావాళ్లను చూసి, చున్నీ సర్దుకుని, "ఆఫీసుల మాత్రం హళూ బోల్" అంది. సోమవారం ఉద్యోగం పక్కా అయింది. ఆ కొండను నేనే కొనేసినంత సంబరపడ్డాను.

ఇప్పుడు మా మగ్గాలు లేవు, అమ్మేశాం. అయినా వంటింట్లోంచి అమ్మ "అన్నం తింటవా?" అని అరుస్తుంది, మూడడుగుల అవతలినుంచి "తింట!" అని నేనూ అరుస్తాను. పక్కింట్లోకి కొత్తగా దిగినావిడ మొన్న గుమ్మంలో నిలబడి, ఏమైనా గొడవా అని మెల్లగా అడిగింది. అమ్మకు వినపడలేదు, "ఏందీ?" అని అరిచింది. నాకు నవ్వాగలేదు. మగ్గాలు పోయి ఆరేళ్లయింది, మా గొంతులకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.